బంపరు రోగం, స్ప్రింగుల వైద్యం

ఇప్పుడు కనిగిరిలో పికప్ కొన్నవాడు ముందు బంపరు మార్చాలి. ఆ తరవాత సస్పెన్షన్ మార్చాలి. సస్పెన్షన్ ఎందుకయ్యా అంటే, బంపరు మార్చాం కాబట్టి.

శ్రీసిటీలో నిక్షేపంగా తయారైన ఇసుజు వి-క్రాస్. ముందు కాయిల్ స్ప్రింగులు, వెనక కమాన్లు, ఎంత బరువుకు ఎంత కుంగాలో లెక్కగట్టి బిగించి పంపిన బండి. దాన్ని ఇంటికి తెచ్చి, టెంకాయ కొట్టి, మర్నాడే ముందున్న బంపరు ఊడబీకి తొంభై కిలోల ఇనప గార్డు తగిలిస్తారు. ముక్కు కిందికి దిగుతుంది. ‘ఏందన్నా, బండి వంగి దణ్ణం పెడతా ఉంది’ అని ఎవడో ఒకడు అననే అంటాడు. అన్న పరువు పోయింది. ఇక షాపుకు పరుగు.

‘రెండించీల కిట్టు వేద్దామా అన్నా, మూడించీలదా?’ అంటాడు షాపతను. గార్డు ఎన్ని కిలోలని అడగడు. బండిని లాగే వించి కూడా తగిలించావా అని అడగడు. ట్రేలో రోజూ ఏం వేస్తావని అసలే అడగడు. అడిగితే బేరం చెడుతుంది, ఎందుకంటే ట్రేలో అన్న వేసేది ఫ్లెక్సీలు, దండలు, నాయకుడి పుట్టినరోజుకు కేకు.

తొంభై కిలోలంటే తొంభై కిలోలేగా అనుకుంటాడు అన్న. కాదు సామీ. ఆ ఇనుము చక్రాల మీద కూర్చోదు, చక్రాల కంటే ముందుకు వేలాడుతుంది. ఇరుసుకూ ఇరుసుకూ మధ్య మూడు మీటర్ల పైచిలుకు దూరముంది. గార్డు ముందు ఇరుసుకు తొంభై సెంటీమీటర్ల అవతల ఉందనుకుంటే, ఆ ఇరుసు మీద పడేది దాదాపు 116 కిలోలు. అదనంగా కనిపించే 26 కిలోలు వెనక చక్రాల మీద నుంచి లేచొచ్చినవి. ట్రే ఎటూ ఖాళీ. లోడుకని పెట్టిన వెనక కమాన్లు ఖాళీ బండిని మామూలుగానే గంతులేయిస్తాయి, ఇప్పుడు ఇంకాస్త ఎక్కువ. దానికి అన్న కనిపెట్టిన మందు ఏమిటో తెలుసా? వెనక ఇంకో పట్టీ ఎక్కించడం! ముందు లేపాక వెనక దిగినట్టు కనిపిస్తోందట.

కథ అక్కడితో ఆగదు. గట్టి స్ప్రింగు వేస్తే దాని ఎగుర్లాటను కంపెనీ షాకబ్జర్లు పట్టలేవు, కాబట్టి కొత్త షాకబ్జర్లు. బండి లేచింది గనక ముందు చక్రాల వాలు మారి టైర్లు ఒక పక్కే అరుగుతాయి, కాబట్టి పై ఆర్ములు, అలైన్‌మెంటు. చక్రం చుట్టూ ఖాళీ కనిపిస్తోంది, కాబట్టి పెద్ద టైర్లు. పెద్ద టైర్లు వేస్తే స్పీడోమీటరు తక్కువ చూపిస్తుంది, దానికి వైద్యముంది గానీ అన్నకు అక్కరలేదు. చివరికి బండి లారీలా అదురుతుంది. ‘సస్పెన్షన్ సెట్ కాలేదు, ఇంకో కంపెనీది వేయాలి’ అంటాడు. ఆస్ట్రేలియా నుంచి తెప్పించే స్ప్రింగుల్లో ఒకదాని పేరు ఓల్డ్ మ్యాన్ ఈము. ఈము ఫారాలు పెట్టి నిండా మునిగిన రైతులున్న రాష్ట్రంలో మళ్లీ ఈము మీదే పెట్టుబడి!

గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీలు తోలే బొలెరో డ్రైవరు కూడా కమాన్లకు పట్టీ వేయిస్తాడు. అతను మెకానిక్కు చెప్పే మొదటి మాటే ఎన్ని టిక్కీలు, ఏ రోడ్డు అని. చేసేది ఓవర్‌లోడే, ఒప్పుకుంటాను, కానీ బరువు ఎంతో, ఎక్కడ పడుతుందో అతనికి తెలుసు.

ఇంతకీ ఆ గార్డు దేన్నుంచి కాపాడుతుంది? ఆస్ట్రేలియాలో కంగారూలు అడ్డొస్తాయని పెట్టుకున్న సరుకది. పామూరు రోడ్డు మీద మనకు అడ్డొచ్చేవి గేదెలు, మేకలు, మలుపు దగ్గర టీవీఎస్ మీద వచ్చే ముసలాయన, సాయంత్రం బడి వదిలాక పిల్లలు. ఇలా లేపిన బండి ముందు నిలబడి చూడండి. ఆ ఇనప గొట్టం మూడో తరగతి పిల్లవాడి ఛాతీకి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. కంపెనీ బంపరు, బానెట్ తగిలితే నలుగుతాయి, నలగడానికే చేశారు. ఇది నలగదు. నలిగేది పిల్లవాడే. నేరుగా ఛాసిస్‌కు బిగించిన ఆ గార్డు వల్ల లోపలున్న అన్నకూ ఒరిగేదేమీ లేదు: గుద్దిన దెబ్బను ముందు భాగం మింగాల్సింది పోయి ఛాసిస్‌కు నేరుగా అందిస్తుంది, ఎయిర్‌బ్యాగు తెరుచుకునే లెక్క తప్పుతుంది. దీన్ని రక్షణ అంటున్నారు. సిగ్గుండాలి.

చట్టం లేదా అంటే, ఉంది. 2017 డిసెంబరులోనే కేంద్ర రోడ్డు రవాణా శాఖ ఈ గార్డులు తీయించమని రాష్ట్రాలకు రాసింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండిని ఇష్టమొచ్చినట్టు మార్చవద్దంటోంది. కంపెనీ ఇచ్చిన రూపాన్ని అలా మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టూ చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ ప్రకారం అనుమతి లేని మార్పుకు ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు ఐదు వేల జరిమానా, లేదా రెండూ. ఒక్కో మార్పుకు! అన్న బండికి కూడిక వేసే ధైర్యమున్న అధికారి కావాలి. నీళ్లలో ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లకు మంచినీళ్ల క్యాన్లు తోలుకునే పికప్‌ను ఆపి కాగితాలు అడిగే చేతులు, వెనకే వచ్చే ఈ గార్డును చూసి సెల్యూట్ కొడుతున్నాయి.

నిజంగా బరువు మోసేవాళ్లు అనుమతి తీసుకుని సస్పెన్షన్ మార్చుకోవచ్చు, కాకపోతే ముందు వేబ్రిడ్జి ఎక్కండి. రోజూ వేసే లోడుతో ముందు చక్రాలు ఒకసారి, వెనక చక్రాలు ఒకసారి తూయించండి. ఆ చీటీ చూడకుండా స్ప్రింగు అమ్మేవాడి దగ్గర కొనకండి. ఖాళీ ట్రే అన్నలు మాత్రం షాపుకు వెళ్లనక్కరలేదు. గార్డు బోల్టులు విప్పి, ఆ తొంభై కిలోలూ పాత ఇనుము కొట్లో వేయండి. డబ్బులు ఎదురొస్తాయి. బండి ముక్కు దానంతటదే పైకి లేస్తుంది.