ఇంకొక్క లైఫు బావ

క్యారమ్స్‌లో ఓడిపోయాక "ఇది ట్రయల్ గేమే కదా" అనేవాడు ప్రతి ఇంట్లోనూ ఒకడుంటాడు. మా అక్క మొగుడు, నౌపడ బావ, ఆ కులానికి పెద్ద.

సంక్రాంతికి పిల్లలు టీవీకి సూపర్ స్మాష్ బ్రదర్స్ అల్టిమేట్ అనే కొట్లాట వీడియోగేమ్ తగిలించారు. పెద్ద పోటీల పద్ధతిలో మూడు లైఫులు, ఏడు నిమిషాలు. బావకి నచ్చలేదు. "మూడేటి, గుంటడా? ఐదెట్టు." ఐదు పెట్టారు. మొదటి దెబ్బ పొరపాటున తనే కొట్టాడు. వెంటనే, "ఐదంటే తెల్లారిపోద్ది, మూడు సాలు" అన్నాడు. ఆఖరి లైఫు మీదికొచ్చేసరికి మళ్ళీ ఐదే న్యాయం.

వాదన కోసం ఈ గేము చరిత్రంతా చదివాడు. 2001లో వచ్చిన మెలీ అనే భాగానికి నాలుగు లైఫులు, ఎనిమిది నిమిషాలు. వీ యూ కన్సోల్ మీద వచ్చిన భాగాన్ని అమెరికాలో ఎక్కువగా రెండు లైఫులతో, ఆరు నిమిషాల్లో తేల్చేసేవారు. ఇవన్నీ నోటికొచ్చు. దెబ్బ కాసుకునే బటన్ ఏదో మాత్రం తెలీదు.

టెక్కెన్, స్ట్రీట్ ఫైటర్ లాంటి గేములంటే ఆయనకి చులకన. "రౌండవగానే ఇద్దరికీ రక్తం నిండిపోడమేటి, అదేమన్నా ఆస్పత్రా?" స్మాష్‌లో అలా కాదు: చచ్చినవాడు కొత్తగా దిగుతాడు, చంపినవాడు పాత దెబ్బలతోనే నిలబడాలి. తను గెలుస్తున్నప్పుడు ఇది ఘోరం, ఓడుతున్నప్పుడు ధర్మం.

లైఫుల లెక్క గొడవలో పాయింటు లేకపోలేదు. రెండే లైఫులైతే ఒక్క జారుడుతో సగం ఆట పోతుంది. భయంతో ఇద్దరూ చెరో మూల నక్కుతారు. నాలుగైతే చూసేవాళ్ళు ఆవులిస్తారు. మూడే సరి అని నా ఉద్దేశం. అంటే ఊరుకుంటాడా? "మన గుణుపురం రైలు లైను సూడు. పర్లాకిమిడి రాజావారు 1900లో ఏయించిన సిన్నబండి 2004లో ఆగిపోనాది. 2011కి గుణుపురం దాకా బ్రాడ్‌గేజీగా లెగిసింది. రైలుకే రెండో లైఫుంటే మనిషికి లెక్కేటి?" ఈవో లాంటి పెద్ద వీడియోగేమ్ పోటీల్లో ఒకసారి ఓడినా ఇంటికి పంపరనీ, ఓడినవాళ్ళ వరసలోంచి ఫైనల్ దాకా పాకొచ్చనీ తెలిసిన రోజున ఊరంతా తిరిగి చెప్పాడు.

ఇంత బేరగాడూ నౌపడలో తన ఉప్పు మళ్ళ దగ్గర నోరెత్తడు. ఎండాకాలంలో అకాలవాన ఒక్కటి పడితే తేలిన ఉప్పంతా కరిగిపోతుంది. గట్టు మీద నిలబడి ఓసారి చూస్తాడు, కాసేపు మేఘాన్ని తిడతాడు, మళ్ళీ నీళ్ళు పెట్టిస్తాడు. అప్పుడు ఆయన మీద కోపం తెచ్చుకోవడం కష్టం. ఆ కష్టం ఆట మొదలయ్యేదాకానే.

ఈసారి జంటలుగా ఆడాం; నా ఖర్మ, ఆయన నా జట్టు. జంటాటలో ఒక సదుపాయముంది: లైఫులయిపోయినవాడు జతగాడి దగ్గర ఒకటి తీసుకోవచ్చు. ఇది పిల్లలు ఆయనకి చెప్పకుండా ఉండాల్సింది. తన మూడూ నిమిషంలో ఊదేసి నాదొకటి తీసుకున్నాడు. అంచు మీంచి తనే దూకి దాన్నీ పోగొట్టాడు. "ఒరే, ఇంకొక్కటియ్యి. పండగెళ్ళాక ఇచ్చేస్తాను."

వంటింట్లోంచి అక్క కేకేసింది: "తమ్ముడా, ఇయ్యకురా! పెళ్ళిలో నాన్న దగ్గర అట్టుకెళ్ళిన సైకిలే ఇంకా తేనేదు."