‘ఇంకో గంట పోదాం తియ్యి’: టీకా తాత్పర్యం

మూలం

“ఇంకో గంట పోదాం తియ్యి, అటెంక చూద్దాం.”

అవతారిక

ఈ వాక్యానికి కర్త మా బావ. వెలువడిన చోటు చంద్రపూర్ జిల్లా గోండ్‌పిప్రిలో మా ఇంటి గేటు. కాలం సంక్రాంతి సెలవులు, రాత్రి ఏడు దాటింది. శ్రోతలు ముందు సీట్లో మా అక్క, వెనక సీట్లో ఇద్దరు పిల్లలు, వాళ్ల నడుమ అక్క అత్తగారు. ఆమె ఒళ్లో సకినాల డబ్బా. వరంగల్‌లో మధ్యాహ్నం అన్నం తిని కాశీకని కదిలారు. నాగ్‌పూర్ పోయేవాళ్లు అసిఫాబాద్, వాంకిడి, రాజురా మీదుగా చంద్రపూర్ చేరతారు. మేమున్నామని వీళ్లు కాగజ్‌నగర్, సిర్పూర్ వైపు తిరిగి, వెంకట్రావుపేట దగ్గర వార్ధా నది మీది పోడ్సా వంతెన దాటి వచ్చారు. వానాకాలంలో వరదొస్తే ఆ వంతెన మీద రాకపోకలు ఆగిపోతాయి. అప్పుడు చుట్టాలను ఆపే పని నది చూసుకుంటుంది. సంక్రాంతికి నేనొక్కణ్ణే ఆపాలి.

నేనన్నది ఇంతే. “బావా, పక్కలేసి ఉన్నయి, అన్నం వండింది. పండుకొని పొద్దున అయిదింటికి పోండ్రి.” బావ చాయ్ గ్లాసు గేటు గోడ మీద పెట్టి, ఇంజన్ ఆపకుండానే పై వాక్యం పలికాడు. తడుముకోకుండా వచ్చింది గనుక ఆశుకవిత్వమనే ఒప్పుకోవాలి.

ప్రతిపదార్థం

ఇంకో = మరొక. ఒకటి ఖర్చయిన చోటే ఇంకోటి అడుగుతారు. ఈ వాక్యం మంచిర్యాలలో ఒకసారి, కాగజ్‌నగర్‌లో ఒకసారి వినబడిందని అక్క సాక్ష్యం. కాబట్టి గోండ్‌పిప్రి పాఠం మూడో ఆవృత్తి.

గంట = కాలవాచకమని పిల్లలు పొరబడతారు. కాదు, పౌరుషవాచకం. ఫోనులో మ్యాపు నీలిగీత గీసి నాగ్‌పూర్‌కు నాలుగు గంటలని చూపిస్తోంది. ఆ గంటలో చిన్నదాని వాంతి లేదు, అత్తమ్మ మోకాలు లేదు, కొఠారి అడవి లేదు. ఇక్కణ్నుంచి కొఠారి మీదుగా బల్లార్‌పూర్ పోయే దారి పులులు తిరిగే అడవిలోంచి పోతుంది. రాత్రిపూట అడవిపంది రోడ్డు దాటేటప్పుడు అటూ ఇటూ చూడదు. ఒక పంది దాటిందని తేలిగ్గా ఊపిరి పీల్చుకోకూడదు, దాని వెనక పిల్లలుంటాయి. మ్యాపు గంట జ్యోతిష్కుడు పెట్టిన ముహూర్తంలాంటిది. లెక్క తప్పు కాదు, మనుషులే దానికి సరిపడరు.

పోదాం = మనమందరం వెళ్దాం. తెలుగులో ‘మేము’ వేరు, ‘మనము’ వేరు. ‘పోతా’ అంటే నిర్ణయం ఎవరిదో బయటపడేది. ‘దాం’ అనగానే విన్నవాళ్లంతా అందులో చేరిపోయారు. నోరు తెరుచుకొని నిద్రపోతున్న చిన్నది సైతం సమ్మతించినట్టే లెక్క. ఒక్కరు తీర్మానించి అందరిచేత సంతకం పెట్టించే ఇంత సొగసైన ప్రత్యయం వేరే భాషల్లో అరుదు.

తియ్యి = వాక్యానికి ప్రాణమిది. తీయడమంటే తొలగించడం. తొలగించేది ఎదుటివాడి మాటను. కోస్తావారు ‘పోదాంలే’ అని పాఠాంతరం చెబుతారు. అర్థం ఒకటే గాని ‘లే’లో కాస్త బుజ్జగింపుంది. ‘తియ్యి’లో గేరు వేసిన చప్పుడుంది. గోండ్‌పిప్రి సందర్భానికి ‘తియ్యి’ పాఠమే గ్రాహ్యం.

అటెంక = అటు వెనుక, అనగా ఆ తర్వాత. ఇచట శ్లేష. రాబోయే కాలాన్ని తెలుగువాడు ‘వెనుక’ అంటాడు. దాటిపోయిన లాడ్జీలు, వేసి ఉంచిన పక్కలు, ఉడికిన అన్నం ఉండేదీ వెనుకనే. కర్తకు ఈ రెండో అర్థం తెలియదు. అది నాగ్‌పూర్‌లో స్ఫురించింది.

చూద్దాం = చూడము. పెళ్లి సంబంధానికైనా, అప్పుకైనా, ఆగడానికైనా పెద్దమనిషి ‘చూద్దాం’ అన్నాడంటే ఆ మాట మూసేసినట్టే. తలుపు మాత్రం చప్పుడు కాకుండా వేస్తాడు.

తాత్పర్యం

నేను అలసిపోయాను. ఒప్పుకోవడం నాకిష్టం లేదు. కావున మీరంతా నాతో కలిసి అలసిపోవలెనని భావము.

విశేషం

దారిలో ఆగి రాత్రి గడపడానికి మనకు ఎన్ని మాటలో చూడండి. బస, విడిది, మకాం, మజిలీ. మజిలీ మంజిల్ నుంచి వచ్చింది, మకాం కూడా అటు పడమటి నుంచి వచ్చిందే. మా గోండ్‌పిప్రిలో మరాఠీ ‘ముక్కాం’ అదనం. ఇక్కడ ఉత్తరం మీద చిరునామా రాస్తే ఊరి పేరుకు ముందు ‘ము.పో.’ అని పెడతారు, ముక్కాం పోస్టు అని. అంటే ఆగమనే మాట నా చిరునామాలోనే ఉంది. అయినా మా గేటు ముందు బండి ఇంజన్ ఆగదు.

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసులో బయల్దేరి, హైదరాబాదు, నిర్మల్, నాగపూరు మీదుగా కాశీ వెళ్లి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. పదిహేను నెలలు, దాదాపు వందమంది పరివారం. ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’ తెరిస్తే కనబడేవి మజిలీలే. ఈ ఊరు ఎన్ని ఆమడలు, నీళ్లెట్లా, అంగళ్లున్నాయా, దిగడానికి చోటుందా. ఆనాటి మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ పని చేసిన మనిషి, లెక్క తప్పడు. కాని ఆయనకొక సౌకర్యం ఉండేది. పల్లకీ మోసేవాళ్లకు భుజాలున్నాయి. భుజం నొప్పి పుడితే బోయీ దించుతాడు, దించిన చోట మజిలీ అవుతుంది. మా బావ బండికి నొప్పి పుట్టదు. నొప్పి పుట్టే నడుములన్నీ వెనక సీట్లో ఉన్నాయి, వాటికి స్టీరింగు అందదు. చిక్కంతా ఇక్కడుంది. ఎక్కడ ఆగాలో పొద్దున ఇంట్లో, ఎవరూ అలవక ముందు తేల్చుకోవాలి. సాయంత్రం ఏడింటికి చక్రం పట్టుకున్నవాణ్ణి అడిగితే వచ్చేది జవాబు కాదు, మూలం.

మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీమజిలీ కథలు’ పన్నెండు భాగాలు. మణిసిద్ధుడి వెంట కాశీకి రావడానికి గోపబాలుడు పెట్టిన షరతు ఒక్కటే, మజిలీ మజిలీకీ తనడిగిన కథ చెప్పాలని. ఆ ప్రయాణం మా బావ చేతిలో పడి ఉంటే పన్నెండు భాగాలు పన్నెండు పేజీలయ్యేవి. పిల్లలకు నా దగ్గర పోడ్సా పడవల కథ సిద్ధంగా ఉండె. ఆ రాత్రి దాన్ని నేనే నెమరేసుకొని పండుకున్నా.

శంక: కర్తకు నిద్ర రావడం లేదు కదా, నడిపితే తప్పేమిటి?

సమాధానం: నిద్ర వస్తోందని నిద్రపోయేవాడికి ముందు తెలియదు. అందుకే శాస్త్రం డ్రైవరు మాట నమ్మదు. 2025 దాకా అమల్లో ఉన్న మన మోటారు రవాణా కార్మికుల చట్టం, 1961 ప్రకారం రోజుకు 8 గంటలే పని, వరసగా 5 గంటలు మించక ముందే అరగంట విశ్రాంతి ఉండేది. ఐరోపాలో లారీ నడిపేవాడు నాలుగున్నర గంటలకు 45 నిమిషాలు ఆగాల్సిందే. ఇవన్నీ జీతానికి నడిపేవాళ్లకు. సొంత కారులో సొంత పెండ్లాం పిల్లలను కూర్చోబెట్టుకున్న బావలకు ఏ చట్టమూ లేదు. జీతమిచ్చి పెట్టుకున్న డ్రైవరైతే ఆ రోజు మా ఇంట్లో భోంచేసి పడుకునేవాడు.

ఇక ఫ్రాన్సు దృష్టాంతం. మా పిన్ని కొడుకు పారిస్‌లో ఉంటాడు. వేసవిలో నీస్ సముద్రానికి 900 కిలోమీటర్ల పైచిలుకు నడుపుతాడు. లియోన్ దగ్గర రాత్రి ఆగుతాడు, గది నెల ముందే మాట్లాడుకుంటాడు. అక్కడ పెద్ద రోడ్ల వెంట కూర్చోవడానికి, పిల్లలు ఆడుకోవడానికి చెట్ల కింద చోట్లున్నాయట. రెండు గంటలకోసారి ఆగమని సర్కారే చెబుతుంది. 1976 నుంచి ‘బిజోన్ ఫ్యుతే’ అనే సర్కారీ వ్యవస్థ ఏ రోజు రోడ్డెక్కొచ్చో రంగులతో ప్రకటిస్తుంది. ఆగస్టులో కొన్ని శనివారాలకు నల్లరంగు. మనకూ నల్లరోజులున్నాయి, భోగికి ముందు పంతంగి టోల్‌గేటు దగ్గర ఎవరినడిగినా చెబుతారు. తేడా ఏమంటే, ఫ్రాన్సువాడు నల్లరోజని తెలిస్తే మానుకుంటాడట. మనం అందరికంటే ముందు వెళ్దామని అందరితో పాటు బయల్దేరుతాం.

పూర్వపక్షం: గది డబ్బులు దండగని కొందరు. మా గోండ్‌పిప్రి ఇంట్లో గది ఉచితం కాబట్టి ఈ వాదం ఇక్కడ పొసగదు. ఉచిత గదికి కూడా బావ ఒప్పుకోలేదు.

ఫలశ్రుతి

ఏడున్నరకు కదిలారు. బల్లార్‌పూర్‌లో కాగితం మిల్లు లైట్లు చూసి పెద్దోడు కాశీ వచ్చిందా అని అడిగాడట. చంద్రపూర్‌లో అక్క ఆగుదామంది. మూలం నాలుగో ఆవృత్తి. వరోరా దాటినాక చిన్నది సకినాల డబ్బాలో వాంతి చేసుకుంది. డబ్బా అత్తమ్మ ఒళ్లోనే ఉంది. పన్నెండుంబావుకు నాగ్‌పూర్. నిద్రపోతున్న పిల్లను బావ భుజాన వేసుకొని మూడు లాడ్జీల మెట్లెక్కి దిగాడు. నాలుగోదాంట్లో ఒక్క గది దొరికింది, రెండు మంచాలు, ఐదుగురు. పొద్దున అత్తమ్మ కాళ్లు చెప్పుల్లో పట్టలేదు. వేణ్ణీళ్లకు, కాపడానికి పదిన్నరయింది. గోండ్‌పిప్రిలో పండుకొని అయిదింటికి లేచి ఉంటే తొమ్మిదిన్నరకు నాగ్‌పూర్ దాటేవాళ్లు. ఈ లెక్క నేను కాగితం మీద వేసి పంపలేదు. అక్కే ఫోన్లో వేసింది, బావ పక్కన ఉండగా, కొంచెం గట్టిగా.

ఉత్తరపాఠం

తొమ్మిదో రోజు పొద్దున జబల్‌పూర్ నుంచి బావ ఫోను. “రాత్రికి మీ ఇంట్లనే పండుకుంటం.” ‘పోదాం’ అనే మనిషి ‘పండుకుంటం’ అన్నాడు, అదీ పొద్దున ఎనిమిదింటికి. మా ఇంటామె నమ్మక రెండుసార్లు అడిగించింది. వచ్చారు, తిన్నారు, పండుకున్నారు. పోడ్సా పడవల కథ పిల్లలు సగంలోనే నిద్రపోయారు, మిగతా సగం బావ విన్నాడు.

తెల్లారి తర్రి పోహా తిని, కాశీ చెంబులు సర్ది, బావ బండి గేటు ముందు పెట్టి హారన్ కొట్టాడు. అత్తమ్మ వాకిట్లో ఎండలో కుర్చీ వేసుకొని కాళ్లు చాపి కూర్చుంది. ఒళ్లో డబ్బా లేదు. హారన్ రెండోసారి మోగింది. ఆమె చాయ్ గ్లాసు నా చేతికిచ్చి, ఇంకింత పొయ్యమని సైగ చేసి, కొడుకు వైపు తిరగకుండానే అంది.

“ఇంకో గంట కూసుందాం తియ్యి, అటెంక చూద్దాం.”