ఒక శక్తిమాన్ స్వీయచరిత్ర

జబల్పూరు నా జన్మస్థలము. జర్మనీ దేశపు మాన్ సంస్థ అనుమతితో 1959లో ఆరంభమై 1996 వఱకు కొనసాగిన శక్తిమాన్ ట్రక్కుల వంశమునందు, 1969లో అచ్చట నెలకొల్పబడిన వాహన కర్మాగారమునుండి వెలువడిన తరమువాడను. నా వంశీయులలో యుద్ధములు చూచినవారు కలరు గాని, నా జాతకమున అట్టి ఘట్టమేదియు లేదు. కొండదారులలో గోధుమపిండి బస్తాలు, కంబళ్లు, కిరోసిను పీపాలు, జవానుల ఇండ్లనుండి వచ్చిన జాబుల సంచులు మోసితిని. సైనికులు నన్ను థ్రీటన్ అని పిలిచెడివారు. ఇంజిను బలమును వెనుక ఇరుసునకే గాక ముందు ఇరుసునకును అందించి, ఎట్టి బురదనుండియైనను బయటపడుట నేను నేర్చిన విద్య.

కొలువు ముగిసిన పిమ్మట వేలములో నన్ను కొన్నవాడు తాండూరు ప్రాంతపు గని యజమాని యొకడు. ఆ నేల విచిత్రమైనది. పైన నల్లరేగడి, దానిక్రింద ఎవరో పేర్చి పెట్టినట్లు పొరలుపొరలుగా నీలపు, పసుపు వన్నెల నాపరాయి. ఆ బండలను గనులనుండి పాలిషింగు యూనిట్లకు చేర్చుచుంటిని. డీజిలు కలిసివచ్చునని యజమాని నా ముందు ఇరుసునకు పోవు షాఫ్టును విప్పించి అమ్ముకొనెను. బరువునకు హద్దనునదియు నాటితోనే పోయెను. కమాను కట్టలు వంగి, పంపు చెడి, తుదకు విఱిగిన బండల గుట్ట ప్రక్కన సర్కారు తుమ్మలలో నిలిచిపోయితిని.

అచ్చట నన్ను చూచినవారు ఇద్దఱు బాల్యమిత్రులు. ఒకడు సికింద్రాబాదు ఇ.ఎం.ఇ. కేంద్రమున పని నేర్చి, సైన్యమున బండ్లు బాగుచేసి, హవల్దారుగా విశ్రాంతిగొన్న వికారాబాదువాడు. రెండవవాడు తాండూరులో డీజిలు పంపుల మేస్త్రీ. ఫౌజీ నా బానెట్టు ఎత్తి చాలసేపు చూచి, “జామైంది గని, పగల్లే మేస్త్రీ” అనెను. “తుక్కు రేటుకిస్తే కొందాం ఫౌజీ, ఎక్కువైతే నడువ్” అని మేస్త్రీ బదులు పలికెను.

తుక్కు ధరకే నన్ను కొని తమ షెడ్డునకు చేర్చిరి. తొందరపడి సెల్ఫు కొట్టినచో కనెక్టింగు రాడ్లు వంగునని ఎఱిగిన ఫౌజీ, నాజిళ్ల రంధ్రములగుండ నూనె పోసి నాననిచ్చి, ఫ్లైవీలును చేతితో ఇంచుక ముందునకును ఇంచుక వెనుకకును కదపుచు పిస్టనులను విడిపించెను. మేస్త్రీ పంపు విప్పునపుడు ఎవ్వరిని మాటాడనీయడు. ప్రతి సిలిండరునకును సమానమైన డీజిలును సరియైన క్షణమున అందించుటయే గదా దాని ప్రాణము! ముందు ఇరుసు షాఫ్టు మాత్రము సికింద్రాబాదు రాణీగంజు దుకాణములన్నియు వెదకినను దొరకలేదు. వేఱొక లారీ షాఫ్టును లేతుమీద కోసి, అతికి, నాకు సరిపుచ్చిరి. “ఒరిజినల్ కాదు గద” అని ఫౌజీ ముఖము ముడుచుకొనెను. “తిరుగుతదా లేదా, అది చూడు” అనెను మేస్త్రీ.

అసలు పోరాటము రంగుకడ వచ్చెను. నాకు మరల ఆలివ్ పచ్చ వేయవలెనని ఫౌజీ కోరిక. కాని రక్షణశాఖ వాహనములు తప్ప మఱియేవియు ఆ రంగు ధరింపరాదని 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమావళిలోని 121వ నియమము శాసించుచున్నది. నంబరు పలకమీది ఊర్ధ్వముఖ బాణమును సైన్యముతోడనే పోయినది. ఫౌజీ అలిగి కొన్నాళ్లు షెడ్డునకు రాలేదు. అనంతగిరి కొండలకు ఆవల పుట్టిన మూసీ తూర్పునకు, ఈవల కాగ్నా పడమటికి పోయి, చుట్టుదారులనైనను కడకు కృష్ణలోనే కలియునట్లు ఆ యిద్దఱి వాదములును ఒకచోటికి చేరెను: తాండూరు నాపరాతి నీలము నాకు వేయబడెను.

కందుల కాలమున అకాలవర్షము కురిసి, కాగ్నా ఒడ్డున రేగడిలో ఒక ట్రాక్టరు బస్తాలతో కూరుకొనిపోయెను. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందులవి. తడిసినచో రైతునకు పంట పోయినట్లే. గొలుసు కట్టి, ముందు ఇరుసును కలిపి, ఫౌజీ క్లచ్చు మెల్లగా వదలెను. అతికిన షాఫ్టు తిరిగెను, నా నాలుగు మూలలును నేలను పట్టెను, ట్రాక్టరు గట్టెక్కెను. ఒరిజినలు మాట అటుపిమ్మట ఫౌజీ ఎత్తలేదు. పాతబండిని బాగుచేయుట యనగా దాని వేషమును మరల తెచ్చుట కాదనియు, అది ఏ పనికై పుట్టినదో ఆ పనికి దానిని మరల అర్హము చేయుటయే యనియు నేను నాడు తెలిసికొంటిని.

ఇటీవల వారు జబల్పూరులోనే పుట్టిన నా జ్ఞాతి, ఒక జోంగా జీపును తుప్పుపట్టిన దేహముతో తెచ్చి నా ప్రక్కన నిలిపిరి. అది తన పూర్వపు రంగును తలచి దిగులుపడుచున్నది. రంగు సంగతి ఆ మిత్రులు ఎట్లును తగవులాడి తేల్చుకొందురు; నీవు ముందు నీ ఇంజినును విప్పనిమ్మని దానికి చెప్పుచున్నాను.