బోర్డుంది, జాగ్రత్త!

మన హైదరాబాద్‌లో చరిత్ర చెప్పే బాధ్యత శిక్షాస్మృతికి అప్పగించినట్టుంది. చార్మినార్, గోల్కొండల దగ్గర కేంద్ర పురావస్తు శాఖ నీలం బోర్డు చదివితే 1958 నాటి చట్టం, పాడుచేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా అన్న సంగతి కంఠతా వచ్చేస్తుంది. కథ కావాలంటే మరో పలక వెతుక్కోవాలి. అందులోనూ రాజుగారి పేరు, కట్టిన ఏడాది, కొలతలు. జనం ఊసుండదు. 1857 జులై 17న బ్రిటిష్ రెసిడెన్సీ మీదికి దండెత్తిన తుర్రెబాజ్ ఖాన్ స్మారకం కోఠిలోనే ఉంది. ఆ పక్కన నిలబడేవాళ్ల చూపంతా బస్సు నంబరు మీదే. తప్పు వాళ్లది కాదు, పిలిచి కథ చెప్పలేని రాయిది.

అన్నీ ఫోన్‌లో దొరుకుతాయి కదా అంటారు. దొరుకుతాయి, వెతకాలని తెలిసినవాడికి! ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరదలో దాదాపు 150 మందిని కొమ్మలమీద మోసి బతికించిందని తెలియనివాడు ఏమని వెతుకుతాడు? నగరం కట్టించిన రాజుగారి ప్రేయసిగా చెప్పుకునే భాగమతి కథలాంటివి వివాదాలండీ, రాస్తే గొడవలు అన్నది రెండో సాకు. అయితే ఉందన్నవాళ్ల మాట, లేదన్నవాళ్ల మాట రెండూ రాయండి. చదివేవాళ్లు చిన్నపిల్లలు కారు. బోర్డుమీద చోటు చాలదంటారా? జరిమానా వాక్యాన్ని రెండు వరుసలు కుదించండి, చాలు.