చట్టంగారూ, మా బావ బండి సంగతి కాస్త చూడండి

మహారాజశ్రీ మోటారు వాహనాల చట్టం, 1988 గారి సముఖానికి, గుడియాత్తంలో లుంగీలు అమ్ముకునే ఒక చిన్న వ్యాపారి చేసుకునే మనవి.

అయ్యా, మంత్రులకూ అధికారులకూ రాయకుండా నేరుగా తమరికే ఎందుకు రాస్తున్నానంటే, ఎవరిని కదిలించినా తమరి పేరే చెబుతున్నారు. షోరూంలో అడిగితే చట్టం అన్నారు. పాతబండ్ల కన్సల్టింగ్‌లో అడిగితే చట్టం అన్నారు. కౌంటర్ వెనక కూర్చున్నాయన తలెత్తకుండానే, "చట్టం అట్లుంది సామీ, మేమేం జేసేది?" అన్నాడు. అంత పెద్దమనిషి ఉండగా మధ్యవాళ్లతో పనేముంది? 1939 నాటి పెద్దాయన దిగిపోయాక 1989 జూలై 1న కుర్చీ ఎక్కిన తమరు, నాకు తెలిసి ఇంతవరకు ఒక కారు కొని ఎరగరు. అందుకని కొనేవాడి పాట్లు కాస్త వివరంగా రాస్తున్నాను.

మాకు కారు కావలసింది షోకుకు కాదు. అమ్మకు మోకాళ్లు పోయాయి, బస్సు మెట్టు ఎక్కలేదు. వేలూరుకు డాక్టరు దగ్గరికి, చిత్తూరుకు అక్క ఇంటికి, ఈ రెండు దోవలే మావి. దీనికి నా ముందు మూడు బండ్లు ఉన్నాయి. ఒకటి వేలూరు షోరూంలో తళతళలాడే కొత్తది. రెండోది వేలూరులోనే కన్సల్టింగ్ షెడ్డులో కడిగి నిలబెట్టిన పాతది. మూడోది చిత్తూరులో మా బావ వాడుకుంటున్న 2018 మోడల్ వ్యాగనార్.

కొత్తదాని సంగతి త్వరగా తేల్చేస్తాను. అక్కడ కాఫీ ఇస్తారు, ట్యాబ్ పట్టుకున్న పిల్లోడు "సార్, సార్" అంటూ ధర చెబుతాడు. ఆ ధరకు బండి రాదని ఇంటికొచ్చాక తెలుస్తుంది. తమిళనాడులో 2023 నవంబరు నుంచి లైఫ్ ట్యాక్స్ కొత్త లెక్క: అయిదు లక్షల లోపు బండికి 12 శాతం, అయిదు నుంచి పది దాకా 13, పది దాటితే 18, ఇరవై దాటితే 20. ఏడు లక్షల బండి కొంటే 91 వేలు పన్ను. ఆ పది లక్షల గీత దగ్గర తమాషా చూడండి. 9 లక్షల 90 వేల బండికి పన్ను 1,28,700. ధర ఇరవై వేలు పెరిగి 10 లక్షల 10 వేలయిందా, పన్ను 1,81,800. ఇరవై వేల తేడాకు యాభైమూడు వేల వడ్డన. సన్‌రూఫ్ మోజుతో ఒక మెట్టు పైమోడల్‌కు పోయేవాళ్లకు ఈ లెక్క ఎవరూ చెప్పరు.

2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లకు జీఎస్టీ 28 నుంచి 18కి దిగింది, పైనున్న సెస్సూ పోయింది. సంతోషమే. అయితే చిన్న కారు అంటే పెట్రోలుదైతే ఇంజను 1200 సీసీ దాటకూడదు, పొడవు నాలుగు మీటర్లు దాటకూడదు. ఈ టేపు కొలత 2006 బడ్జెట్‌లో చిదంబరంగారు ఎక్సైజు తగ్గించినప్పటిది. అప్పటినుంచి మన దేశంలో కారును మనిషి కాళ్లను చూసి కాక టేపును చూసి గీస్తున్నారు. 2012లో డిజైర్ డిక్కీని కత్తిరించి 3,995 మిల్లీమీటర్లకు తెచ్చారు. పోనిద్దురూ, ఇది జీఎస్టీవారి ఖాతా, తమరిది కాదు. నా దగ్గర ఏడు లక్షలు లేవు, అది మాత్రం నా ఖాతా.

ఇక కన్సల్టింగ్. అయ్యా, వేలూరులో అమ్మకానికి వచ్చే ప్రతి పాత కారూ ఒక డాక్టరు వాడిందే. సీఎంసీ ఆస్పత్రి ఉన్న ఊరు గనక నమ్మబుద్ధి అవుతుంది. "లేడీ డాక్టర్ తోలిన బండి సార్, ఇల్లు, ఆస్పత్రి, ఇల్లు, ఆస్పత్రి, అంతే" అంటాడు. 1900 నుంచి ఇప్పటిదాకా ఆ ఆస్పత్రిలో పనిచేసిన డాక్టర్లందరూ తలా నాలుగు కార్లు వాడి ఉండాలి, లేకపోతే ఈ షెడ్లకు ఇన్ని బండ్లు రావు. డాక్టరు కాకపోతే చదువు ముగించుకొని అమెరికా పోతున్న వీఐటీ పిల్లోడు. రైతు వాడిన బండి, ట్రావెల్స్‌లో తిరిగిన బండి, మామిడికాయల బుట్టలు మోసిన బండి, ఇవి ఎక్కడికి పోతాయో నాకు అంతుపట్టలేదు.

నా వెంట వచ్చిన మెకానిక్ మాత్రం ఇంజను జోలికే పోలేదు. డ్రైవరు సీటు బెల్టు పట్టుకొని లాగాడు. మామూలుగా మనం లాగేటంత కాదు, లోపలి చుట్ట మొత్తం బయటికొచ్చి ఇక రానని మొరాయించేదాకా. ఆ చివర జానెడు పట్టీ మీద బూడిదరంగు గీత ఒకటి అడ్డంగా ఉంది. గోటితో గీకితే పొడి రాలింది. తరవాత మ్యాటు ఎత్తి సీటు బిగించిన బోల్టులు చూపించాడు, పసుపూ ఎరుపూ కలిసిన తుప్పు. "మెడ్రాస్ నీళ్లు అన్నా" అన్నాడు, అంతే. 2015లో వచ్చిన వరద, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను చెన్నైలో ఎన్ని కార్లను ముంచాయో అందరికీ తెలుసు. అక్కడినుంచి హైవే మీద మాకు మూడు గంటలు. సీట్లు కడగవచ్చు, కవర్లు మార్చవచ్చు, సెంటు కొట్టవచ్చు. బెల్టు చుట్ట లోపలి చివర ఎవడూ కడగడు.

టైర్లదీ అదే కథ. పక్కన నాలుగంకెలు అచ్చుపోసి ఉంటాయి. 2319 అంటే 2019వ సంవత్సరం ఇరవైమూడో వారంలో పుట్టిన టైరు. మీటరు మీద ముప్ఫై వేల కిలోమీటర్లు చూపించే 2019 బండికి నాలుగు టైర్లూ 2022వి ఉన్నాయంటే, ముప్ఫై వేలకే నాలుగు టైర్లూ అరిగాయా, లేక మీటరు వెనక్కి నడిచిందా? అడిగితే ఆయన నవ్వి, "డాక్టరమ్మ సేఫ్టీ చూసుకుంటుంది సార్" అన్నాడు.

తమరి కింద 2023 ఏప్రిల్ 1 నుంచి పాతబండ్ల డీలర్లకు కొత్త నిబంధన వచ్చింది కదా. అధీకృత పత్రం తీసుకోవాలి, బండి చేతికి రాగానే ఆర్టీవోకు తెలియజేయాలి, అప్పటినుంచి అమ్ముడయ్యేదాకా ఆ బండికి డీలరే యజమాని కింద లెక్క. మంచి నిబంధన. మనస్ఫూర్తిగా దండం పెడుతున్నాను. ఆ పత్రం చూపించమంటే మాత్రం ఆయన విజిటింగ్ కార్డు ఇచ్చాడు. పైగా డీలరు దగ్గర కొంటే అతని లాభం మీద 18 శాతం జీఎస్టీ, 2024 డిసెంబరులో జైసల్మేర్‌లో కూర్చున్న జీఎస్టీ కౌన్సిల్ అన్ని పాత బండ్లకూ ఒకే రేటు చేసింది. అది లాభం మీదేగాని బండి ధర మీద కాదు. ఆ సంగతి తెలియని గిరాకీ దగ్గర మొత్తం ధర మీద 18 శాతం అడిగే మహానుభావులూ ఉన్నారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మా బావ బండి.

ఈ బండి పుట్టుపూర్వోత్తరాలన్నీ నాకు తెలుసు. కొన్నరోజు కాణిపాకంలో పూజ చేయించినప్పుడు నిమ్మకాయలు తెచ్చిపెట్టింది నేనే. బావ అరవై దాటించి తోలడు, వెనకవాడు హారన్ కొట్టి చచ్చినా దారి ఇచ్చి పక్కన నిలబడతాడు. తవణంపల్లె దోవలో ఒక ఎనుము అడ్డం వచ్చి ఎడమ తలుపు నొక్కుకుపోయింది, టింకరింగ్ చేయించిన మేస్త్రీ ఎవరో కూడా తెలుసు. సర్వీసు పుస్తకంలో ప్రతి ముద్రా ఉంది. 2033 దాకా ఆర్సీకి ఢోకా లేదు. "నీకైతే నాలుగింపావుకు ఇస్తా బామ్మర్దీ, బయటివాడికి నాలుగున్నరకు తక్కువ ఇయ్యను" అన్నాడు. పాతబండి కొనేవాడికి ఇంతకంటే ఏం కావాలి? ఇంజను గురించి ఎవడైనా నేర్చుకోవచ్చు. ఆ బండిని ఇన్నాళ్లూ ఎవరు తోలారు, ఎట్లా తోలారు అన్నది మాత్రం ఏ యాప్‌లోనూ దొరకదు.

కాని అయ్యా, చిత్తూరుకూ గుడియాత్తానికీ మధ్య పరదరామి ఉంది. దాని అవతల ఆంధ్రప్రదేశ్. బండి నంబరు ఏపీ 03. నా ఇల్లు తమిళనాడు.

1911 దాకా మా ఉత్తర ఆర్కాటు జిల్లాకు చిత్తూరే ముఖ్యపట్టణం. మా ముత్తాతల కాలంలో భూమి వ్యవహారమైనా కోర్టు వ్యవహారమైనా ఎడ్లబండి కట్టుకొని చిత్తూరుకే పోయేవాళ్లు, ఎద్దులకు అభ్యంతరం లేదన్న కాగితం, అదే ఎన్‌వోసీ, అడిగినవాడు లేడు. ఇప్పుడు ఆ ఎన్‌వోసీకి మా బావ ఫారం 28 పెట్టాలి. బానెట్ ఎత్తి, ఛాసిస్ నంబరు మీద పలచటి కాగితం ఆనించి, పెన్సిల్ అడ్డంగా పట్టి రుద్దాలి, అంకెలన్నీ స్పష్టంగా పడేదాకా. చలానాలు బాకీ లేవని, దొంగబండి కాదని, బ్యాంకు అప్పు తీరిందని తేలాలి. అప్పు తీరిందనడానికి ఫారం 35. ఆ తరవాత 29, 30 ఫారాలు. నేను ఇక్కడ మళ్లీ కొత్త నంబరుకు దరఖాస్తు పెట్టి, మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. బండి వయసును బట్టి కొంత తగ్గిస్తారట. బావ ఆంధ్రలో కట్టిన లైఫ్ ట్యాక్స్‌లో మిగిలింది వాపసు అడగవచ్చట, అడిగి ఎదురుచూడవచ్చట. లైఫ్ అంటే ఎవరి లైఫో తమరే చెప్పాలి. ఇవన్నీ కలిపి, తిరుగుళ్లూ బ్రోకరు ఖర్చూ వేసుకుంటే, నాకు బాగా తెలిసిన బండి కన్సల్టింగ్‌లోని తెలియని బండి కంటే ఖరీదవుతోంది. అంటే తమరి పాలనలో తెలిసినవాడి దగ్గర కొనడం నష్టం, ఎవరో తెలియనివాడి దగ్గర కొనడం లాభం.

పన్ను నాది కాదు, రాష్ట్రాలది అంటారు తమరు. రాజ్యాంగం ఏడో షెడ్యూలు, రాష్ట్ర జాబితా, 57వ పద్దు. ఒప్పుకున్నాను. కాని బండి పన్నెండు నెలలకు మించి వేరే రాష్ట్రంలో ఉంటే కొత్త నంబరు తీసుకోవాలన్న 47వ సెక్షన్ తమరిదే కదా. ఆ కొక్కేనికే వాళ్లు పన్ను తగిలించారు. 2017 జూలై 1న, అంటే సరిగ్గా తమరు గద్దెనెక్కిన తేదీనే, జీఎస్టీ వచ్చి దేశమంతా ఒకే బజారన్నది. మా గుడియాత్తం అగ్గిపెట్టె పరదరామి దాటితే ఎవరూ ఆపరు. మా లుంగీ దాటినా ఆపరు. ఆ లుంగీ కట్టుకున్నవాడు తోలే కారు దాటితే మాత్రం పన్నెండు నెలలు నిండాక నేరం.

బీహెచ్ నంబరు ఉంది కదా అనవచ్చు. 2021లో తెచ్చారు, బాగుంది. ప్రభుత్వోద్యోగి అయినా కావాలి, నాలుగు రాష్ట్రాల్లో ఆఫీసులున్న కంపెనీలో పనిచేసేవాడైనా కావాలి. మాకు నాలుగు రాష్ట్రాల్లో చుట్టాలున్నారు, ఆఫీసులు లేవు.

పోనీ, పేరు మార్చకుండా అట్లాగే తోలుకో అని బంధువులందరూ ఇచ్చే సలహా. మా పెద్దమ్మ కొడుకు బెంగళూరు బండిని అట్లాగే ఏళ్లతరబడి తోలుతున్నాడు. కాని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక కేసులో తేల్చి చెప్పింది: కారు ఎన్ని చేతులు మారినా, రిజిస్ట్రేషన్‌లో ఎవరి పేరుంటే ప్రమాద పరిహారం అతనిదే బాధ్యత. రేపు నేను ఎవరినైనా గుద్దితే కోర్టు మెట్లు ఎక్కవలసింది మా బావ. అరవై దాటించి తోలని మనిషికి అది న్యాయమా? అక్క నాతో మళ్లీ మాట్లాడుతుందా?

కనుక నా మనవి ఇది. సరిహద్దు జిల్లాలవాళ్లు కొన్న పాతబండి పాత నంబరుతోనే ఉండిపోనివ్వండి, పేరు మాత్రం మార్చండి. ఒకసారి లైఫ్ ట్యాక్స్ కట్టిన బండికి ఆ పన్ను బండితోపాటే ప్రయాణం చేయాలి, మిగిలింది రెండు రాష్ట్రాలూ తమలో తాము సర్దుకోవాలి. వేల కోట్ల జీఎస్టీని నెలనెలా పంచుకుంటున్న ప్రభుత్వాలకు ఒక వ్యాగనార్ బాకీ పెద్ద లెక్కా? ఇంకొకటి. మీటరు తిప్పలేదని, వరదలో మునగలేదని, డాక్టరే తోలిందని చెప్పే అమ్మకందారు కాణిపాకం వరసిద్ధి వినాయకుడి ఎదుట ప్రమాణం చేయాలని ఒక సెక్షన్ పెట్టండి. సత్యప్రమాణాలకు ఆ స్వామికి ఉన్న పేరు తమరికి తెలియనిది కాదు. గుడి ఆంధ్రలో ఉంది గనక వేలూరు వ్యాపారులు వెళ్లడానికి ఎన్‌వోసీ ఏదైనా కావాలంటే అదీ తమరే చూసుకోవాలి.

తమరి 48వ సెక్షన్‌లో నాకు బాగా నచ్చిన మాట ఒకటుంది. ఎన్‌వోసీకి దరఖాస్తు పెట్టాక ముప్ఫై రోజుల్లో కాదని చెప్పకపోతే ఇచ్చినట్టే లెక్క అన్నారు. "ఇచ్చినట్టే లెక్క" అయిన కాగితాన్ని ఇంకో రాష్ట్రం కౌంటర్లో ఎట్లా చూపించాలో మాత్రం రాయలేదు. అయినా మాట మాటే. ఈ లేఖ అందిన ముప్ఫై రోజుల్లో తమరి నుంచి కాదన్న జవాబు రాకపోతే, నా మనవి మంజూరైనట్టే లెక్కవేసుకొని, బావకు అడ్వాన్సుగా పాతిక వేలు పంపించేస్తాను.

ఇట్లు,
తమరి విధేయుడు,
గుడియాత్తం బజారు వీధి నుంచి ఒక లుంగీల వ్యాపారి

నకలు: మా అక్కకు. బావకు చూపించనక్కరలేదు, ధర పెంచేస్తాడు.