ఉన్నది ఉన్నచోట, ఉన్నట్లుగా

వార్తాపత్రికల లోపలి పుటలలో, వధూవరుల ప్రకటనలకును శ్రద్ధాంజలులకును నడుమ, కంటికానని యక్షరములతో బ్యాంకులవారు వేయించు స్థిరాస్తి వేలపు ప్రకటనను మించిన గద్యకావ్యము నేటి తెలుగున మఱియొకటి లేదని నా నిశ్చితాభిప్రాయము. ఋణగ్రహీత పేరును వాని తండ్రిపేరును మొదలుకొని సర్వే నంబరు, నాలుగు దిక్కుల హద్దులు, చదరపు గజముల లెక్క, రిజర్వు ధర, ధరావత్తు, వేలము ముగియు ఘడియ వరకును ఒక్కటియు విడువక వర్ణించిన యా కవి, ఆ నేలమీద ఇల్లు కట్టుకొనవచ్చునా యను నొక్క సంగతిని మాత్రము నోటితో చెప్పక పాఠకుని యూహకు విడిచిపెట్టును. కావ్యమునకు ధ్వనియే ఆత్మయని ప్రతిపాదించిన ఆనందవర్ధనుడు నేడు జీవించియుండినచో, తన సిద్ధాంతమునకు ఉదాహరణములను మహాకవులయందు గాక వేలపు ప్రకటనలయందే వెదకుకొని యుండెడివాడు.

ఆ కావ్యమునకు మకుటమొకటి కలదు: ఆస్తి ఉన్నచోట, ఉన్నట్లుగా, ఏమున్నదో అదిగా అమ్మబడును, తరువాతి తగవులతో బ్యాంకునకు సంబంధము లేదు. వేదాంతులు మాయకు మాత్రమే చెప్పిన అనిర్వచనీయతను బ్యాంకులవారు రెండువందల గజముల నేలకును నిర్భయముగా వర్తింపజేసిరి. అయితే ఈ సౌకర్యము అమ్మువానికే గాని కొనువానికి లేదు. తాకట్టు ఆస్తులను బ్యాంకులు అమ్ముకొనుటకు వీలిచ్చు 2002 నాటి సర్ఫేసీ చట్టము క్రింది నియమముల ప్రకారము, పాట గెలిచినవాడు ధరావత్తుతో కలిపి ధరలో 25 శాతమును ఆనాడే గాని, మఱుసటి పనిదినమున గాని చెల్లింపవలెను. తక్కిన 75 శాతమును విక్రయము ఖాయమైన 15 దినములలో కట్టవలెను. వ్రాతమూలమున గడువు పొడిగించినను అది మూడు మాసములను దాటరాదు. తప్పినచో కట్టిన సొమ్ము జప్తగును. ఆ 25 శాతమును పూర్తిగా జప్తు చేయుట చెల్లునని సుప్రీంకోర్టు 2024లో తీర్పు చెప్పినది. కొనువాని విషయమున దినములు లెక్కపెట్టిన శాస్త్రము భూమి విషయమున మౌనవ్రతము పట్టినది.

ఇట్టి ప్రకటనను చదివిన విశ్రాంత గణితోపాధ్యాయుడొకడు, ఉద్యోగవిరమణనాడు చేతికందిన సొమ్మంతయు పోసి, హైదరాబాదు శివారున చెరువుచెంత నొక ప్లాటును బజారు ధరకంటె చాల తక్కువకు పాడుకొనెననుకొందము. సేల్ సర్టిఫికెట్టు పుచ్చుకొని, సింహద్వారము ఏ దిక్కున నుండవలెనో వాస్తుపండితునిచేత నిర్ణయింపజేసికొని, ఇంటి ప్లాను చంకబెట్టుకొని ఆయన పురపాలక కార్యాలయమునకు వెళ్లును.

“ఈ లేఅవుటుకు పర్మిషన్ లేదండి మాస్టారూ.”

“అదేమిటి బాబూ, బ్యాంకువాళ్లు దీనిమీద అప్పిచ్చారు కదా!”

“అప్పు వాళ్లిష్టమండి, పర్మిషన్ మా యిష్టం. 2020లో లేఅవుట్ క్రమబద్ధీకరణకు, అదే ఎల్‌ఆర్‌ఎస్‌కు, దరఖాస్తు పెట్టారా?”

“అప్పటికి ఈ స్థలం నాది కాదు.”

“ఎవరిదైతే వాళ్లు పెట్టుండాల్సిందండి. పెట్టినా, ఇది ఎఫ్‌టీఎల్‌లో ఉందో బఫర్ జోన్‌లో ఉందో ఇరిగేషన్ వాళ్లు తేల్చాలి.”

“వాళ్లేమంటారు?”

“రెవెన్యూ వాళ్లనడగమంటారండి.”

ఇందు అబద్ధమాడినవాడెవడును లేడు. 2012 నాటి భవన నిర్మాణ నియమములు, 10 హెక్టార్లును అంతకు మించియు నున్న చెరువులకు పూర్తి నీటిమట్టపు (ఎఫ్‌టీఎల్) హద్దునుండి 30 మీటర్లును, అంతకంటె చిన్నవానికి 9 మీటర్లును బఫరుగా విడువవలెనని స్పష్టముగా చెప్పినవి. 2024 జులైలో చెరువుల ఆక్రమణలను తొలగించు హైడ్రా సంస్థ ఏర్పడిన పిమ్మట ఆ గీతలు జేసీబీలకు సైతము కంఠస్థమైనవి. నీళ్లలోని బర్రెకు బేరమాడరాదని మన పెద్దలు చెప్పిరి. నీళ్లలోని నేలకు బేరమాడరాదని చెప్పుట వారికి తోచలేదు, ఏలయన నాటికి చెరువులను గజముల లెక్కన అమ్మువారు పుట్టియుండలేదు.

పోనీ, నేడు లేని అనుమతి రేపు వచ్చునేమోయని ఆశపడుదమన్నను, ఆ ఆశకును ఆయుర్దాయము కావలెను. మూసీకి 1908లో వచ్చిన వరద తరువాత నిర్మితములైన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయముల రక్షణకై 1996 మార్చిలో వెలువడిన 111వ జీవో, 84 గ్రామములలోని సుమారు 1.32 లక్షల ఎకరములను నిర్మాణపు కట్టడిలో నుంచెను. 2022 ఏప్రిల్‌లో 69వ జీవో వచ్చి ఆ కట్టడిని ఎత్తివేయబూనెను. ఈ నడుమ నొక తరము గడచినది. మట్టి అదే, వాన అదే, మారినది కాగితము. కావున వేలమున నేలను కొనుచున్నామనుకొనువాడు నిజమునకు ఇంకను వ్రాయబడని జీవోను కొనుచున్నాడు. దానికి హద్దులు లేవు, ఈసీయును దొరకదు.

అనుమతియే ధరకు ప్రాణమని అమ్మువారికి తెలియదందురా? 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్‌లో హైదరాబాదు నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ వేలము వేసిన నేల ఎకరమునకు 100.75 కోట్ల రూపాయల వరకు పలికినది. అచట ఏమేమి కట్టవచ్చునో, ఏయే రహదారులు గలవో, నీరును విద్యుత్తును ఎట్లు వచ్చునో ముందుగనే దండోరా వేసి మఱి పాట మొదలుపెట్టిరి. చెప్పినచో లాభము కలుగునప్పుడు వాగ్ధాటియు, చెప్పినచో నష్టము కలుగునప్పుడు అనిర్వచనీయతయు వేలమునకు సహజాలంకారములని దీనివలన తేలుచున్నది.

వింతయేమనగా, ఆస్తి స్వభావమును విలువను గ్రహించుటకు కొనువానికి తెలియవలసినదని బ్యాంకు అధికారి తలచినదెల్ల ప్రకటనలో చేర్పవలెనని సర్ఫేసీ నియమములలో ఇదివఱకే యున్నది. ఇల్లు కట్టుకొనుటకు వీలున్నదో లేదో తెలియవలసినదని ఆ అధికారికి తోచకుండుటయే మన దురదృష్టము. అప్పిచ్చునాడు న్యాయవాది అభిప్రాయమును, విలువకట్టువాని నివేదికను బ్యాంకు తెప్పించుకొనియే యుండెను. నాడు ఇంటిస్థలమైనది నేడు “ఏమున్నదో అది”గా మారుటకు ఆ బ్యాంకు బీరువాలో ఏమి జరిగెనో ఆ బీరువాయే చెప్పవలెను. భూవినియోగ ధ్రువపత్రమును, చెరువు హద్దుల పటమును జతచేయక ఏ వేలపు ప్రకటనయు వెలువడరాదని యొక్క వాక్యమును ఆ నియమములలో చేర్చినచో చాలును. కవిత్వము కొంత తగ్గునుగాని కాపురములు నిలుచును.

అంతవఱకు పాఠకులకు నా మనవి: మాస్టర్ ప్లానులో ఆ సర్వే నంబరు ఏ భూవినియోగ మండలమున నున్నదో లిఖితముగా తెలిసికొనుడు, రిజిస్ట్రేషను చట్టపు 22-ఏ నిషేధిత జాబితాను చూడుడు, స్థలమును ఎండకాలమున గాక భాద్రపదమున, పెద్దవాన కురిసిన మఱునాడు, చెప్పులు చేతబట్టుకొని చూచిరండు. భూవినియోగ ధ్రువపత్రమునకు ధరావత్తుకు ముందు చెల్లించు రుసుము స్వల్పము. పాట ముగిసిన పిమ్మట అదే సంగతి తెలిసికొని వెనుదిరుగుటకు వెల, ధరలో నాలుగవవంతు.