పదహారు కూపన్ల టికెట్టు ఆత్మకథ

భూప్రదక్షిణ టికెట్టు అనగా, ఒక దేశంలో బయలుదేరి, అట్లాంటిక్, పసిఫిక్ మహాసముద్రాలు రెండింటినీ దాటి, తూర్పుకో పడమటికో ఒకే దిక్కుగా సాగి, తిరిగి బయలుదేరిన దేశానికే చేరే ప్రయాణానికి అనేక విమాన సంస్థలు కలిసి ఒకే లెక్క మీద అమ్మే టికెట్టు. ఈ చరిత్రను చెప్పుకొంటున్నది అటువంటి టికెట్టే అయినప్పటికీ, తమ గ్రంథాలలో తమను ప్రథమ పురుషలోనే పేర్కొనే పండితుల పద్ధతిని పాటించి, తనను 'ఈ టికెట్టు' అని మాత్రమే వ్యవహరించుకొంటుంది. దిక్కు విషయంలో దానికి ప్రదక్షిణమూ అప్రదక్షిణమూ సమానమే. రెండింటినీ కలపడం మాత్రం నిషిద్ధం. ఒక ఖండం లోపల ముందుకూ వెనక్కూ తిరగడానికి కొంత వెసులుబాటు ఉన్నా, సముద్రం దాటిన తరువాత దాటిన వైపుకే మళ్లడానికి వీలు లేదు.

వంశక్రమం చెప్పవలసి వస్తే, విమానం పుట్టకముందే 1872లో థామస్ కుక్ అనే ఆంగ్లేయుడు కొద్దిమందిని వెంటబెట్టుకొని ఓడలలోనూ రైళ్లలోనూ 222 రోజుల పాటు నడిపిన యాత్రను ఈ టికెట్టుకు మూలపురుషుడిగా చెప్పుకోవచ్చు. 1936లో హెచ్.ఆర్. ఎకిన్స్ అనే అమెరికన్ పాత్రికేయుడు హిండెన్‌బర్గ్ వాయునౌక మొదలుకొని పసిఫిక్‌ను దాటే క్లిప్పర్ విమానం వరకు దొరికిన ప్రతి వాహనాన్నీ అందుకొని సుమారు పద్దెనిమిదిన్నర రోజుల్లో భూమిని చుట్టివచ్చాడు గాని, అది ఒక సంస్థ టికెట్టు మీద సాగిన ప్రయాణం కాదు. 1947 జూన్‌లో, అంటే భారత స్వాతంత్ర్యానికి రెండు నెలల ముందు, పాన్ అమెరికన్ సంస్థ కాన్‌స్టెలేషన్ విమానాలతో న్యూయార్క్ నుంచి కరాచీ, కలకత్తాల మీదుగా శాన్‌ఫ్రాన్సిస్కో వరకు భూగోళాన్ని చుట్టే సర్వీసును ప్రారంభించిన తరువాతనే ఈ వంశానికి స్థిరమైన ఇల్లు ఏర్పడింది. ఆ సంస్థ 1991 డిసెంబరులో మూతపడింది. అటుపైన ఒకే సంస్థ లోకమంతా ఎగరవలసిన అవసరం లేకుండా, సంస్థలు కూటములు కట్టి ఒకరి ప్రయాణికులను మరొకరు మోయడం ఆనవాయితీ అయింది; 1997లో స్టార్ అలయన్స్, 1999లో వన్‌వరల్డ్, 2000లో స్కైటీమ్ కూటములు మొదలయ్యాయి. ఎయిర్ ఇండియా 2014 జూలైలో స్టార్ అలయన్స్‌లో చేరింది.

ఈ టికెట్టు దేహ నిర్మాణాన్ని తెలుసుకోనిదే దాని ధర అర్థం కాదు. విమాన టికెట్టు సంఖ్యలో 13 అంకెలు ఉంటాయి, వాటిలో మొదటి మూడూ జారీ చేసిన సంస్థను తెలుపుతాయి. ఎయిర్ ఇండియాది 098, బ్రిటిష్ ఎయిర్‌వేస్‌ది 125. ఒక సంఖ్య కింద నాలుగు కూపన్లకు మించి పట్టవు. కూపను అనగా ఒక విమానంలో ఒక ఊరి నుంచి మరొక ఊరికి ఎక్కి దిగే హక్కు. నాలుగు టికెట్లను ఒకదానికొకటి జోడిస్తే పదహారు కూపన్లు అవుతాయి. స్టార్ అలయన్స్, వన్‌వరల్డ్ కూటములు రెండూ ఈ ప్రయాణానికి విధించిన గరిష్ఠ పరిమితి కూడా సరిగ్గా పదహారే. పూర్వం ఇవి ఎర్రటి కార్బన్ పూతతో పుస్తకం లాగా కుట్టి ఉండేవి. అంతర్జాతీయ విమాన రవాణా సంఘం 2008 జూన్ 1 నుంచి కాగితపు టికెట్లకు స్వస్తి చెప్పింది; శంషాబాద్‌లో కొత్త విమానాశ్రయం తెరుచుకొని అప్పటికి మూడు నెలలు కూడా కాలేదు. ఆ విధంగా హైదరాబాద్ నుంచి సాగే భూప్రదక్షిణలో శరీరం లేని తరానికే ఈ టికెట్టు చెందుతుంది.

దాని జన్మస్థానం హైదరాబాద్‌లోని ఒక ఏజెంటు కంప్యూటరు. సిడ్నీలో కూతురు, డల్లాస్‌లో కొడుకు స్థిరపడిన ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలి పేరిట అది తయారైంది. ఆమె భర్త పేరిట తయారైనది దానికి కవల. దారిలో సింగపూర్, లాస్ ఏంజలెస్, లండన్‌లను కూడా చూడాలని వారు కోరారు. ఏజెంటు రెండు రకాల కొలబద్దలను ముందు పెట్టుకొని లెక్క కట్టాడు, ఆ రెండింటి తేడాయే ఈ చరిత్రలో అన్నిటికంటె ముఖ్యమైన భాగం.

మొదటిది మైళ్ల కొలబద్ద. స్టార్ అలయన్స్ ఈ పద్ధతిని పాటిస్తూ 29,000, 34,000, 39,000 మైళ్ల అంతస్తులను, కొన్ని దేశాల నుంచి ఎకానమీ తరగతిలో అయిదు మజిలీలకు మించకుండా 26,000 మైళ్ల చిన్న అంతస్తును ఏర్పరచింది. మజిలీ అంటే ఒక ఊరిలో 24 గంటలకు పైగా ఆగడం. లెక్కకు వచ్చేది పటం మీద గీసిన తిన్నని గీత కాదు, విమానం వాస్తవంగా దిగి ఎక్కిన ప్రతి ఊరి మధ్య దూరం. అందువల్ల లాస్ ఏంజలెస్ నుంచి డల్లాస్‌కు నేరుగా వెళితే సుమారు 1,235 మైళ్లే అయినా, కూటమి విమానాలు డెన్వర్ మీదుగా పోవడంతో అది 1,500 అయింది; లండన్ నుంచి ఢిల్లీ మీదుగా హైదరాబాద్ రావడం వల్ల మరో 150 మైళ్లు పెరిగాయి. అయినా మొత్తం సుమారు 24,700 మైళ్ల దగ్గరే ఆగింది, అంటే భూమధ్యరేఖ చుట్టుకొలత అయిన 24,901 మైళ్లకు కూడా కొంచెం తక్కువే. తొమ్మిది కూపన్లు, అయిదు మజిలీలు; చిన్న అంతస్తులో అంతా సరిపోయింది. ఆ సమయంలో ఆమెకు ఆక్లండ్ కూడా చూడాలన్న కోరిక కలిగింది. సిడ్నీ నుంచి ఆక్లండ్ మీదుగా లాస్ ఏంజలెస్ వెళ్లడానికి పెరిగే దూరం నాలుగు వందల మైళ్లు కూడా లేదు, కాని మజిలీలు ఆరవడంతో టికెట్టు మొత్తం 29,000 అంతస్తుకు ఎగబాకవలసి వచ్చింది. మైళ్లు మిగిలాయి, మజిలీలు చాలలేదు.

రెండవది ఖండాల కొలబద్ద. వన్‌వరల్డ్ అమ్మే ఒక రకం టికెట్టుకు మైళ్లతో పని లేదు. తాకిన ఖండాలు మూడా, నాలుగా, అయిదా, ఆరా అన్నదే ధరను నిర్ణయిస్తుంది. పై ప్రయాణం ఆసియా, నైరుతి పసిఫిక్, ఉత్తర అమెరికా, యూరప్ అనే నాలుగు ఖండాలది, ఆక్లండ్ ఆస్ట్రేలియాతో పాటు ఒకే ఖండంలో పడుతుంది గనుక దానిని చేర్చినా మూల ఛార్జీ ఒక్క రూపాయి పెరగదు. ఇందుకు వ్యతిరేకంగా లండన్ తరువాత ఆడిస్ అబాబాను చేర్చితే మైళ్ల లెక్కలో సుమారు పదిహేను వందలే పెరుగుతాయి గాని, ఖండాల లెక్కలో ఆఫ్రికా పూర్తిగా కొత్త ఖండమై ధర ఒక మెట్టు పైకి పోతుంది. ఆ కూటమి భూగోళశాస్త్రం బడిలో చెప్పేది కాదని కూడా గమనించాలి: కైరో, దోహా, దుబాయి దానికి యూరప్ ఖండంలోనివే. కనుక ఒకే ఖండంలో ఎక్కువ ఊళ్లు చూడదలచినవారికి ఖండాల లెక్క, ఎక్కువ ఖండాలలో ఒక్కొక్క ఊరే చూడదలచినవారికి మైళ్ల లెక్క లాభిస్తాయి. ఊళ్ల జాబితా ముందు ఖరారు కాకుండా ఏ కూటమి చవక అని అడగడం అర్థం లేని ప్రశ్న.

ఎక్కడ మొదలుపెడితే ఎంత అన్నది మరొక చిక్కు. ఒకే వలయం, అవే విమానాలు, అవే సీట్లు అయినా ధర బయలుదేరే దేశాన్ని బట్టి, ఆ దేశపు మార్కెట్టును బట్టి నిర్ణయమవుతుంది. జొహానెస్‌బర్గ్, కైరో, కొలంబో వంటి ఊళ్లు ఒక్కొక్క కాలంలో చవక ప్రారంభ స్థానాలుగా పేరు పొందాయి. హైదరాబాద్‌వారు కొలంబోకు వెళ్లి అక్కడి నుంచి వలయాన్ని మొదలుపెట్టి అక్కడే ముగిస్తే కొంత మిగలవచ్చు, కాని కొలంబోకు రాకపోకల ఖర్చునూ, మొదటి విమానం ఆలస్యమైతే అసలు ప్రయాణమే తప్పిపోయే ప్రమాదాన్నీ ఆ మిగులులోంచి తీసివేయాలి.

మూల ఛార్జీ కింద అచ్చయ్యే పన్నుల వరుసను చాలామంది చదవరు, ఈ టికెట్టు అభిప్రాయంలో చదవవలసింది దానినే. ఆ వరుసలో మూడు జాతులు కలగలిసి ఉంటాయి. ఒకటి ప్రభుత్వం తీసుకొనే పన్ను, రెండవది విమానాశ్రయం తీసుకొనే రుసుము, మూడవది వైక్యూ, వైఆర్ అనే సంకేతాలతో కనిపించే సర్‌ఛార్జీ. ఈ మూడవది ఇంధనం పేరున పుట్టినా విమాన సంస్థ జేబులోకే పోయే సొమ్ము, పన్నుల పక్కన కూర్చున్నంత మాత్రాన పన్ను కాదు. ఒకే దారిలో ఒక సంస్థ దీనిని భారీగా వేస్తే మరొకటి అసలే వేయకపోవచ్చు గనుక, మూల ఛార్జీ ఒకటే అయినా ఎవరి విమానం ఎక్కామన్నదాన్ని బట్టి మొత్తం మారుతుంది. ప్రభుత్వపు పన్నులలో బ్రిటన్‌ది పేరుమోసినది: 1994లో అయిదు, పది పౌండ్లతో మొదలైన ప్రయాణిక సుంకం, లండన్ నుంచి భారతదేశం వంటి దూరానికి 2025 ఏప్రిల్ నాటికి ఎకానమీలో 90 పౌండ్లు, పై తరగతులలో 216 పౌండ్లు అయింది. అయితే లండన్‌లో 24 గంటల లోపు విమానం మారిపోయేవారికి అది వర్తించదు. ఆస్ట్రేలియా విడిచేవారి నుంచి ఆ దేశం 70 ఆస్ట్రేలియన్ డాలర్లు తీసుకొంటుంది. భారతదేశంలో ఎకానమీ టికెట్టు మీద జీఎస్‌టీ 5 శాతమే ఉండగా, 2025 సెప్టెంబరు నుంచి బిజినెస్ తరగతి మీద 18 శాతానికి పెరిగింది.

విడివిడిగా కొన్న చవక టికెట్ల దండ ఈ టికెట్టుకు ఎప్పటినుంచో ప్రత్యర్థి, దానిని చులకన చేయడం న్యాయం కాదు. తేదీలు ఖాయమై, చూడవలసినవి రెండే ఊళ్లయితే, సిడ్నీకి ఒక రానుపోను, డల్లాస్‌కు ఒక రానుపోను కొనుక్కోవడమే ఎకానమీలో తరచు చవక. కాని ఒక్కవైపు ప్రయాణానికి పూర్తి సేవల సంస్థలు రానుపోను ధరలో సగానికి మించి అడిగే దారులు ఇంకా ఉన్నాయి. చవక సంస్థలు సామానుకూ సీటుకూ భోజనానికీ వేరువేరుగా వసూలు చేస్తాయి. ఒక విమానం ఆలస్యమై తరువాతిది తప్పిపోతే, రెండు టికెట్లు రెండు వేర్వేరు ఒప్పందాలు గనుక, రెండవ సంస్థ దృష్టిలో ప్రయాణికుడు రానివాడే అవుతాడు. భూప్రదక్షిణ టికెట్టులో ఆ బాధ్యత సంస్థలది. తేదీ మార్పు సాధారణంగా ఉచితం, దారి మార్పుకు 125 డాలర్ల రుసుము చాలాకాలం వ్యవహారంలో ఉంది. బదులుగా కూపన్లను వరుస తప్పకుండా వాడాలి. మధ్యలో ఒకటి చెప్పకుండా వదిలేస్తే మిగిలినవన్నీ రద్దవుతాయి. బిజినెస్ తరగతిలో మాత్రం ఈ టికెట్టుకు సాటి వచ్చేది అరుదు.

బయటి ఖర్చులు ఏ టికెట్టు మీదా కనబడవు. భారత పాస్‌పోర్టు ఉన్నవారు అమెరికాలో విమానం మారడానికైనా వీసా తీసుకోవలసిందే, సందర్శక వీసా దరఖాస్తుకే 185 డాలర్లు చెల్లించాలి. విదేశీ కరెన్సీలో కార్డుతో చెల్లిస్తే బ్యాంకు మారకపు రుసుము సాధారణంగా 2 నుంచి 3.5 శాతం వరకు పడుతుంది గనుక, రూపాయలలో ఇచ్చిన ధర పైకి కొంచెం ఎక్కువగా కనిపించినా చివరికి తక్కువే కావచ్చు.

ఈ టికెట్టు ఆయుష్షు మొదటి విమానం ఎక్కిన నాటి నుంచి ఒక సంవత్సరం. ఆ తరువాత మిగిలిన కూపన్లకు ప్రయాణపు విలువ లేదు, కాని వాడని ప్రయాణానికి కట్టిన ప్రభుత్వ పన్నులు, విమానాశ్రయ రుసుములు మూల ఛార్జీతో పాటు పోయినట్టు భావించనక్కరలేదు. భారత విమాన సంస్థలు వాటిని వెనక్కి ఇవ్వాలని పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ నిబంధన నిర్దేశిస్తున్నది. విదేశీ సంస్థలలోనూ అనేకం అడిగితే ఇస్తాయి. డబ్బు చెల్లించే ముందే ఛార్జీని, పన్నులను, సర్‌ఛార్జీలను వేర్వేరుగా చూపే పట్టికను ఏజెంటు నుంచి రాతపూర్వకంగా తీసుకొని దాచుకోవాలి. వాపసు అడగవలసి వచ్చిన రోజున పనికివచ్చేది అదే.